చదువు మానేసి సైకిల్ రేసులంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. మూడేళ్లుగా రోడ్డు సైకిల్ రేసులకు వెళ్తోంది, జూనియర్లలో రెండుసార్లు మొదటి పదిమందిలో నిలిచింది. ఇప్పుడు చదువు మానేసి పూర్తిగా సైక్లింగే అంటోంది. వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు, ఇంట్లో రోజూ గొడవే. ఇందులో నిజంగా జీతం వస్తుందా? ఎన్నేళ్లు నడుస్తుంది? వద్దని గట్టిగా చెప్పేయాలా?

జవాబు: అమ్మా, వద్దని చెప్పేయకండి. అలాగని చదువు మానేయడానికీ ఒప్పుకోకండి. ఇదో అదో ఇప్పుడే తేల్చుకోవాలన్న తొందర ఈ ఆటలో 17 ఏళ్లకే రాదు, ఆ తొందర మీ ఇంట్లో మీరు ముగ్గురూ కలిసి తెచ్చిపెట్టుకున్నదే.

ఎందుకంటే ఆడవాళ్ల రోడ్డు సైక్లింగ్‌లో ముప్పై దాటాక గెలిచేవాళ్లు చాలామంది. అమెరికాకు చెందిన క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2016 రియో ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) స్వర్ణం గెలిచిన మర్నాడు తన 43వ పుట్టినరోజు చేసుకుంది. నెదర్లాండ్స్‌కు చెందిన అనెమీక్ వాన్ వ్లూటెన్ మొదట ఫుట్‌బాల్ ఆడేది, మోకాలు దెబ్బతిని అది వదిలేశాక ఇటొచ్చింది, 2022లో మహిళల టూర్ డి ఫ్రాన్స్ గెలిచేసరికి ఆమెకు 39. పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో రోడ్డు రేసు స్వర్ణం గెలిచిన క్రిస్టెన్ ఫాక్నర్ కాలేజీలో పడవలు నడిపింది, తర్వాత పెట్టుబడుల సంస్థలో ఉద్యోగం చేసింది, అసలు సైకిలెక్కిందే 2017లో. ఇక టోక్యో ఒలింపిక్స్ రోడ్డు రేసులో జరిగింది మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది: ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్, గణితంలో పీహెచ్‌డీ చేసిన మనిషి, అప్పటికి ఏ ప్రొఫెషనల్ జట్టుతోనూ ఒప్పందం లేదు, రేసు మొదలవగానే ముందుకు దూసుకెళ్లి 137 కిలోమీటర్ల తర్వాత ఒంటరిగా గీత దాటింది. ముందు ఎవరున్నారో జట్టు కారులోంచి చెప్పే చెవి రేడియో ఒలింపిక్స్‌లో ఉండదు, వెనకాల వచ్చిన వాన్ వ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది.

వీళ్లంతా అరుదైనవాళ్లే, కాదనను. అందరికీ అలా జరగదు. కానీ చదువుకున్నందుకు వీళ్లెవరి కాళ్లూ బలహీనపడలేదు, అదొక్కటి మీ అమ్మాయి గమనిస్తే చాలు.

జీతం సంగతి. "సైక్లింగ్‌లో ఎంతొస్తుంది" అని అడిగితే జవాబు ఉండదు, జట్టు ఏ శ్రేణిదో చూడాలి. పైన వరల్డ్‌టూర్ జట్లున్నాయి, వాటిలో ఉద్యోగంగా చేరినవాళ్లకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ కనీస జీతం పెట్టింది. 2020లో అది ఏడాదికి 15,000 యూరోలు, 2023కి 32,102 యూరోలైంది. 2025 నుంచి వాటి కింద ప్రోటీమ్ అని ఇంకో శ్రేణి వచ్చింది. ఆ కింద కాంటినెంటల్ జట్లు. చాలామంది మొదట అడుగుపెట్టేది అక్కడే, అక్కడ యూసీఐ కనీస జీతం లేదు. కొన్ని జట్లు బాగానే ఇస్తాయి, కొన్ని సైకిలూ జెర్సీలూ ప్రయాణఖర్చులూ ఇచ్చి సరిపెడతాయి. ఒప్పందాలు కూడా ఎక్కువగా ఒకటి రెండేళ్లవే, ప్రతి సీజన్ చివరా మళ్లీ అదే టెన్షన్. ప్రైజ్ మనీ లెక్కలోకి తీసుకోకండి, ఆనవాయితీగా అది జట్టంతా పంచుకుంటుంది.

ఇప్పుడు అసలు పని ఏమిటో చూడండి, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా "గెలుస్తుందా గెలవదా" అన్నదాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది. మహిళల టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక జట్టుకు ఏడుగురు. గెలవడానికి దిగేది సాధారణంగా ఒకరే, మిగతావాళ్లు ఆమె కోసం గాలికి అడ్డంగా నిలబడతారు. ముందున్న మనిషి వెనక దాక్కుని తొక్కితే శ్రమ చాలా తగ్గుతుంది, ఆట మొత్తం దాని మీదే నడుస్తుంది. ఎండ మండుతున్న రోజున ఒకమ్మాయి గుంపులోంచి మెల్లగా వెనక్కి జారి జట్టు కారు పక్కకు వస్తుంది, కిటికీలోంచి అందిస్తుంటే నీళ్ల సీసాలు ఒక్కొక్కటీ జెర్సీలో వీపు మీదకి, పొట్ట మీదకి తోసుకుంటుంది, పల్చటి మేజోళ్లలో కట్టిన ఐసు ముక్కలు మెడ దగ్గర దోపుకుంటుంది. ఆ బరువుతో వందమందిని దాటుకుంటూ ముందుకెళ్లి అవన్నీ పంచిపెట్టి, లీడర్‌కు పంక్చరైతే తన చక్రమే ఊడదీసి ఇచ్చి, చివరి కొండ మొదలయ్యేసరికి కాళ్లలో ఏమీ మిగలక పక్కకు తప్పుకుంటుంది. ఫలితాల్లో ఆమెది 94వ స్థానం. ఆ రోజు ఆమె బ్రహ్మాండంగా పనిచేసిందని జట్టుకు తెలుసు, వచ్చే ఏడాది ఒప్పందం ఇచ్చేదీ అది చూసే. ఇంట్లోవాళ్లకు మాత్రం 94 కనిపిస్తుంది.

ఇది మీ అమ్మాయికి ఇష్టమా? అడగండి. రేసులో ఇంకొకరి కోసం తొక్కిన రోజు ఇంటికి ఎలా వచ్చింది, ముఖం మాడ్చుకునా, కబుర్లు చెప్తూనా? పదిమందిలో నిలిచిన రెండు ఫలితాల కంటే నాకు ఆ జవాబే ఎక్కువ చెప్తుంది.

ఒక తల్లిగా మీరు కనిపెట్టాల్సింది వేరే ఉంది. కొండ ఎక్కేటప్పుడు కిలో బరువుకు కాళ్లు ఎన్ని వాట్ల శక్తి ఇస్తాయన్నదే లెక్క కాబట్టి, బరువు తగ్గితే చాలనే పిచ్చి ఈ ఆటలో తేలిగ్గా పడుతుంది. తొక్కేదానికి తగ్గట్టు తినకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. "గట్టిగా ట్రైనింగ్ చేస్తే అలాగే ఉంటుంది" అని కోచ్ అన్నా సరే వినకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అవసరమైతే కోచ్‌ని మార్చండి. పడిపోవడాలు ఎలాగూ ఉంటాయి. వాన్ వ్లూటెన్ రియోలో ముందంజలో ఉండి కొండ దిగుతూ పడి వెన్నెముకలో మూడు చోట్ల పగుళ్లు తెచ్చుకుంది. ఒప్పందంలో వైద్య బీమా ఎవరు కడతారో మొదట చూడమనేది అందుకే.

పెళ్లి, పిల్లలు అన్న మాట మీరు రాయలేదు గానీ వాళ్ల నాన్న మనసులో ఉండే ఉంటుంది. వరల్డ్‌టూర్ ఒప్పందాల్లో 2020 నుంచి ప్రసూతి సెలవు ఉంది. బ్రిటన్‌కు చెందిన లిజీ డిగ్నన్ 2018లో బిడ్డను కని, తిరిగొచ్చి, 2021లో జరిగిన మొట్టమొదటి మహిళల పారిస్-రూబే రేసు గెలిచింది.

ఇక చేయాల్సింది. జూనియర్లంటే 17, 18 ఏళ్లవాళ్లే, ఆ తర్వాత పెద్దవాళ్లతో కలిసి తొక్కాలి, 80 కిలోమీటర్ల లోపు రేసులు అలవాటైన కాళ్లతో 160 దాకా వెళ్లే రేసుల్లో దిగాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కాబట్టి జూనియర్ ఫలితాలు చూసి చదువు మానేయడం తొందరపాటు. పెద్దవాళ్లలో రెండు సీజన్లు గడవనివ్వండి, ఈలోగా దూరవిద్యలోనో, తక్కువ సబ్జెక్టులతోనో చదువు నెమ్మదిగా సాగనివ్వండి. ఫిజియాలజీ, ఫిజియోథెరపీ, మెకానికల్ లాంటివైతే రేపు తొక్కడం ఆపేశాక కూడా ఇదే రంగంలో పనికొస్తాయి. వాళ్ల నాన్నను ఒక్కసారి రేసుకు తీసుకెళ్లండి, ముగింపు గీత దగ్గర కాకుండా సీసాలు అందించే చోట నిలబెట్టండి, వీలైతే ఆయన చేతికే ఒక సీసా ఇవ్వండి.

ఏదైనా జట్టు నుంచి కాగితం వస్తే సంతకం పెట్టేముందు నాకు పంపండి, చదివి చెప్తాను.