డీడ్ బీరువాలో దాచి, ఇల్లు తాకట్టు పెడతారా?

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. నాది హెచ్1బి. మా ఆవిడ నా మీద ఆధారపడ్డ హెచ్4 వీసాలో ఉంది, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తోంది. 2021లో ఇల్లు నా ఒక్కడి పేరు మీద కొన్నాం. క్లోజింగ్ రోజున తన చేత డిస్‌క్లెయిమర్ డీడ్ మీద సంతకం పెట్టించారు. ఇప్పుడు తన పేరు కలపాలని క్విట్‌క్లెయిమ్ డీడ్ (నా హక్కు రాసిచ్చే దస్తావేజు) ఫారం డౌన్‌లోడ్ చేసి, నింపి, నోటరీ చేయించి ఇంట్లో దాచాను. అవసరమైతే అప్పుడు కౌంటీ రికార్డర్ ఆఫీసులో రికార్డ్ చేయించుకోవచ్చని. లాయర్ 450 డాలర్లు అడుగుతున్నాడు, దండగేమో. ఇల్లు 6,10,000 పలుకుతుంది, లోన్ 4,07,000 ఉంది, కిస్తీ నెలకు 2,450. షాద్‌నగర్ దగ్గర ప్లాటుకి 85,000 డాలర్ల హెలాక్ (ఇంటి తాకట్టు మీద ఇచ్చే అప్పు) తీసుకుంటున్నాం. డీడ్ ముందా, హెలాక్ ముందా? బ్యాంకులో 9,000 ఉంది, కంపెనీ లైఫ్ ఇన్సూరెన్స్ 1,45,000. ఫారం ఫొటో పంపుతున్నాను.

జవాబు: డీడ్ ముందు. హెలాక్ అసలు వద్దు.

ఇక్కడితో ఆపేద్దును. కానీ నోటరీ ముద్ర పడితే పనైపోయిందనుకునేవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు, అందుకే పెద్దగా రాస్తున్నాను.

క్లోజింగ్ టేబుల్ మీద ఆ కాగితాల కట్టలో మీ ఆవిడ సంతకం పెట్టిన డిస్‌క్లెయిమర్ డీడ్ ఏమంటుందో ఎప్పుడైనా చదివారా? "ఈ ఇల్లు నా భర్త సొంత ఆస్తి, నాకు ఇందులో హక్కు లేదు" అంటుంది. అరిజోనాలో పెళ్లయ్యాక కొన్నది మామూలుగా ఇద్దరిదీ. ఆ ఒక్క కాగితంతో ఆమె వాటా పోయింది. అది మాత్రం ఠంచనుగా రికార్డ్ అయి ఉంటుంది. మారికోపా కౌంటీ రికార్డర్ వెబ్‌సైట్లో మీ పేరు కొట్టి చూడండి. హక్కు వదులుకున్న కాగితం లోకానికంతా కనబడుతోంది, హక్కు తిరిగిచ్చిన కాగితం మీ బీరువాలో ఉంది!

మన ఊళ్లో అయితే సంతకమైన నాలుగు నెలల్లోపు దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ ముందు పెట్టాలని అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరూ అడగరు కదా అన్న ధీమా. అరిజోనా చట్టం కూడా 60 రోజుల్లో రికార్డ్ చేయించమంటుంది. ఆ బాధ్యత ఆస్తి రాసిచ్చినవాళ్లది, అంటే మీది. రికార్డ్ కాని డీడ్ మీ ఇద్దరి మధ్య చెల్లుతుందేమో గానీ, దాని సంగతి తెలియని అప్పులవాడి ముందు, రేపు కొనేవాడి ముందు నిలబడదు. ఆ ఒక్క కాపీ పోతే, సంతకం చేసిన మనిషీ లేకపోతే, ఆమె దేన్ని పట్టుకుని వెళ్లాలి?

ఇక మీ ఫారం. ఇంటి అడ్రసు రాశారు. అది చాలదు, పాత డీడ్‌లో ఉన్న లాట్ నంబరు, సబ్‌డివిజన్, మ్యాపుల పుస్తకం, పేజీ అక్షరం పొల్లుపోకుండా దించాలి. ఆస్తి విలువ అఫిడవిట్ జత చేయలేదు, అది అక్కర్లేదని చెప్పే మినహాయింపు కోడ్ కూడా వేయలేదు. భార్యాభర్తల మధ్య బదిలీకి ఆ కోడ్ 11-1134 బి-3. ఈ రెండింట్లో ఒక్కటైనా లేకపోతే కౌంటర్ నుంచే వెనక్కి వస్తుంది. అసలు పెద్ద తప్పు, మీ ఇద్దరి పేర్లూ రాసి ఏ పద్ధతిలో ఉమ్మడో రాయకపోవడం. "కమ్యూనిటీ ప్రాపర్టీ విత్ రైట్ ఆఫ్ సర్వైవర్‌షిప్" (ఒకరు పోతే మొత్తం రెండోవారికే దక్కే ఉమ్మడి ఆస్తి) అన్న మాట ఉండాలి, దాన్ని ఒప్పుకుంటూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ మాట లేకపోతే మీ తర్వాత మీ సగం కోసం ఆమె ప్రొబేట్ కోర్టు (పోయినవారి ఆస్తి ఎవరికో తేల్చే కోర్టు) మెట్లెక్కాలి.

రికార్డర్ ఇవేవీ సరిదిద్దరు. మార్జిన్లు, నోటరీ, కోడ్ చూసి ముద్ర వేస్తారు, రాసిన దాంట్లో మంచిచెడ్డలు వాళ్ల పని కాదు. ఫీజు 30 డాలర్లు. స్టాంపు డ్యూటీ లాంటిది లేదు, 2008లో ఓటర్లే రాజ్యాంగంలో దానికి తలుపు మూసేశారు. కాబట్టి ఆ 450 దండగ కాదు, ఇవ్వండి.

ఆమె పేరు కలిపితే బ్యాంకు లోన్ మొత్తం కట్టమంటుందన్న భయం వద్దు, 1982 నాటి ఫెడరల్ చట్టం భార్యకిచ్చే బదిలీకి ఆ మినహాయింపు ఇచ్చింది. ఇల్లు మొత్తం ఆమె పేరున రాసేయకండి. సిటిజన్ కాని భార్యకు గిఫ్ట్ టాక్స్ లెక్కలోకి రాకుండా ఏడాదిలో ఇవ్వగల పరిమితి 2025కి 1,90,000 డాలర్లు. మీ ఈక్విటీ, అంటే ఇంటి విలువలో లోన్ పోగా మిగిలేది, 2,03,000, అందులో సగమైతే హాయిగా ఇముడుతుంది. ట్రస్టు, బెనిఫిషియరీ డీడ్ (మీ తర్వాత ఇల్లు ఎవరికో ముందే రాసిపెట్టేది) లాంటివి లాయర్ దగ్గర ఒక మాట అడగండి చాలు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. డీడ్ పద్ధతిగా రికార్డ్ అయిందనుకుందాం. మీకేమన్నా అయితే ఆమె చేతికొచ్చేది ఇల్లొక్కటే కాదు, నెలకు 2,450 కిస్తీ కూడా. అదే రోజుతో ఆమె హెచ్4 ఆధారం పోతుంది, దాంతోపాటు ఈఏడీ, ఉద్యోగం. కంపెనీ ఇచ్చే 1,45,000 మొత్తం లోన్‌కి కట్టినా ఇంకా 2,62,000 అప్పు మిగులుతుంది. ఆ ఇన్సూరెన్స్ కూడా మీరు ఉద్యోగంలో ఉన్నంతకాలమే. ఉద్యోగం పోయిన నెలలో ప్రమాదం జరగదని ఎవరైనా రాసిచ్చారా? సొంతంగా 20 ఏళ్ల టర్మ్ పాలసీ, కనీసం 10 లక్షల డాలర్లకి, ఈ నెలలోనే తీసుకోండి. హెచ్1బి వాళ్లకిచ్చే కంపెనీలు ఉన్నాయి. మీ ఆవిడకీ ఒకటి, ఆమె జీతం లేకపోతే ఇల్లు నడవదు కదా. పాలసీ చేతికి రాకుండా ప్లాటు మాట ఎత్తకండి.

హెలాక్ సంగతి. వడ్డీ మారుతూ ఉండే అప్పు. ఎనిమిదిన్నర శాతం అనుకున్నా నెలకు 600 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆదాయం ఇవ్వని షాద్‌నగర్ మట్టి కోసం మీ పిల్లలు పడుకునే ఇల్లు తాకట్టు పెడతారా? ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఇక్కడ ఉండటానికి మీకుండేది మహా అయితే 60 రోజులు, చేతిలో 9,000. అది ముందు ఆరు నెలల ఖర్చుకి పెరగాలి. పైగా ఆమె పేరు డీడ్‌లోకి వచ్చాక హెలాక్ ఇచ్చే బ్యాంకు తాకట్టు కాగితం మీద ఆమె సంతకం కూడా అడుగుతుంది. ఇంట్లో వాటా వచ్చిన వారానికే దాన్ని తాకట్టు పెట్టించడం ఏం న్యాయమండీ?

డీడ్ రికార్డ్ అయిన కొద్దిరోజులకు ప్రభుత్వ కాగితంలా కనబడే ఉత్తరం ఒకటి రావచ్చు, "మీ డీడ్ సర్టిఫైడ్ కాపీకి ఇన్ని డాలర్లు పంపండి" అని. రికార్డర్ ఆఫీసు పంపేది కాదది, చించి పారేయండి. ఆ డబ్బు పాలసీ ప్రీమియంకి పనికొస్తుంది.