ఈజిప్టు పౌండు పడితే మన అంగడిలో గేదె రేటు తగ్గడం నిజమా, సాకా?

మీ ప్రశ్న ఇది: మీ మామయ్య సంగారెడ్డి వైపు అంగళ్లలో వట్టిపోయిన గేదెలు, దున్నపోతులు కొని ఎగుమతి ప్లాంటుకు వేస్తారు, "ఈజిప్టులో కరెన్సీ పడిపోయింది, అక్కడివాళ్లు కొనట్లేదు" అని చెప్పి ప్లాంటు వాళ్లు రేటు కోశారు, ఎక్కడో ఆఫ్రికాలో పౌండు పడితే ఇక్కడ గేదెకు ఏమవుతుంది, మమ్మల్ని వెర్రివాళ్లను చేస్తున్నారా అని.

సగం నిజం, సగం సాకు.

నేను హైదరాబాద్‌లో ఒక మాంసం ఎగుమతి కంపెనీలో తొమ్మిదేళ్లు డాక్యుమెంటేషన్ చూశాను. పశువును కొన్నదీ లేదు, కోసిందీ లేదు. ఇన్వాయిస్, హెల్త్ సర్టిఫికెట్, హలాల్ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే కాగితం), ఆ తర్వాత బ్యాంకు చుట్టూ తిరగడం, ఇదే నా పని. అందుకే ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కడ ఆగుతుందో నాకు బాగా తెలుసు. (గొడవ మొదలవకముందే ఒక మాట: పెద్ద పశువుల్లో మన దేశం నుంచి ఎగుమతికి అనుమతి ఉన్నది గేదె జాతి మాంసానికే, అదీ ఎముక తీసేసిందానికే. ఆవు మాంసం ఎగుమతి నిషేధం.)

ముందు నిజమైన సగం. ఈ వ్యాపారమంతా డాలర్లలో నడుస్తుంది. లెక్క తేలిగ్గా ఉంటుందని టన్ను 3,200 డాలర్లు అనుకుందాం, అంటే కిలో 3.2 డాలర్లు. 2022 మార్చి మొదట్లో డాలరుకు దాదాపు 15.7 ఈజిప్టు పౌండ్లు, కాబట్టి అక్కడి దిగుమతిదారుకు కిలో 50 పౌండ్లు పడేది. మార్చి 21న అక్కడి కేంద్ర బ్యాంకు పౌండు రేటు మీద పట్టు వదిలేసింది, కొద్ది రోజుల్లోనే డాలరు 18 దాటింది. 2023 జనవరికి 30 దగ్గర, 2024 మార్చి 6న మళ్లీ వదిలేస్తే 50 దగ్గర. మనం ఒక్క సెంటు పెంచకపోయినా అదే కిలో 50 నుంచి 160 పౌండ్లు అయింది, రెండేళ్లలో. అక్కడి జీతాలు అలా పెరగలేదు. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ పోషకాహార సంస్థ ఒకటి, ప్రోటీన్ కోసం కోడి కాళ్లు తినొచ్చని చెప్పి జనం చేత నానా మాటలు అనిపించుకుంది, మీరూ చదివే ఉంటారు.

అయితే మీరు అనుకుంటున్నట్టు అసలు దెబ్బ ధర వల్ల రాదు. ధర పెరిగితే జనం తక్కువ తింటారు, లేదా ఇంకా చవకైనదానికి దిగుతారు, మన గేదె మాంసం ఎలాగూ ఆ చవక వరసలోనే ఉంటుంది. అసలు దెబ్బ ఏంటంటే డాలరు దొరకదు. ఇది నాకూ పుస్తకం చదివితే అర్థం కాలేదు, నాలుగు కంటైనర్లు ఇరుక్కున్నాక అర్థమైంది.

2022 ఫిబ్రవరి చివర్లో రంజాన్ సరుకుగా నాలుగు నలభై అడుగుల రీఫర్లు, అంటే ఫ్రిజ్ కంటైనర్లు, పంపాం. ఒక్కోదానిలో 28 టన్నులు, అంటే 20 కిలోల కార్టన్లు 1,400, మైనస్ 18 డిగ్రీలు. ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్ 2న మొదలైంది, సరుకు ఈజిప్టులోని సోఖ్నా పోర్టులో మార్చి మూడో వారంలో దిగింది, అంటే టైము సరిగ్గా సరిపోవాలి. కొన్నాయన పాత పార్టీ, 20 శాతం అడ్వాన్స్ ఇచ్చాడు, మిగతాది కాగితాలు బ్యాంకుకు చేరాక కట్టాలి. కట్టాడు కూడా! పౌండ్లు తన బ్యాంకులో జమ చేసి ఆ రశీదు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు, అరబిక్‌లో గుండ్రటి స్టాంపుతో. అతని తప్పేమీ లేదు. బ్యాంకు ఆ పౌండ్లు తీసుకుని, డాలర్లు మా దగ్గర లేవు, వరసలో ఉండండి అంది. ఆ నెలల్లో దిగుమతులన్నీ ఎల్‌సీ (డబ్బుకు బ్యాంకే ఇచ్చే హామీ పత్రం) మీదే జరగాలని అక్కడ కొత్త రూలు పెట్టి, మాంసం లాంటి కొన్ని ఆహార సరుకులకు మినహాయింపు ఇచ్చారు. మా మేనేజర్ ఆ మినహాయింపు వార్త చూసి ఊపిరి పీల్చుకున్నాడు. మినహాయింపు కాగితమే కదా, దాని వెనక డాలరు ఉండదు.

డాలర్లు రాకపోతే బ్యాంకు కాగితాలు ఇవ్వదు, కాగితాలు లేకపోతే కంటైనర్ కదలదు. ఇనుపచువ్వలైతే యార్డులో పడి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఇది మాంసం, కరెంటు ప్లగ్గు తీస్తే కొద్ది రోజుల్లో చెత్త. ఫ్రీ డేస్ (చార్జీ లేకుండా ఉంచుకోనిచ్చే రోజులు) అయిపోయాక పోర్టు చార్జీలు, షిప్పింగ్ లైన్ చార్జీలు, ప్లగ్గు చార్జీలు అన్నీ కలిపి ఒక్కో కంటైనర్‌కు రోజుకు వంద డాలర్లు దాటాయి. పొద్దున్నే ఆఫీసుకు రాగానే నేను చేసే మొదటి పని ఆ నాలుగు నంబర్లు ట్రాకింగ్‌లో కొట్టడం. నాలుగు వారాలు అదే స్క్రీను, అదే లైను. ఇంట్లో మా ఆవిడకు కూడా ఒక నంబరు కంఠతా వచ్చేసింది.

వేరే దేశానికి తిప్పొచ్చు కదా అంటారు. అది ఒక్క ఫోన్‌కాల్‌తో అయ్యే పని కాదు. హెల్త్ సర్టిఫికెట్ ఈజిప్టు పేరు మీద ఉంది, కార్టన్ల మీద లేబుళ్లు వాళ్ల పద్ధతిలో అరబిక్‌లో ఉన్నాయి, ఒకసారి ఇరుక్కున్న సరుకని తెలిస్తే జోర్డాన్ వాడైనా ఇరాక్ వాడైనా సగం రేటుకే అడుగుతాడు. చివరికి మా పార్టీయే, దుబాయ్‌లో తన బంధువు కంపెనీ ఖాతా నుంచి డాలర్లు పంపిస్తానన్నాడు, టన్నుకు 150 డాలర్లు తగ్గిస్తే. "మీ రూపాయి కూడా పడింది కదా, మీకు పోయేదేముంది?" అని అతని వాదన. అందులో అబద్ధం లేదు, ఆ ఏడాది మొదట్లో 74-75 ఉన్న డాలరు ఆఖరుకు 82 దాటింది. థర్డ్ పార్టీ పేమెంట్ అనగానే మన బ్యాంకు అడిగిన కాగితాలు తెప్పించేసరికి ఇంకో రెండు వారాలు. రంజాన్ అయిపోయింది. రెండు కంటైనర్లు అలా బయటపడ్డాయి, మూడోదీ నాలుగోదీ ముక్కలు ముక్కలుగా డబ్బు కట్టించుకుని వదిలాం, ఆఖరి వాయిదా ఆగస్టులో వచ్చింది.

రూపాయి పడితే ఎగుమతిదారుకు లాభమే అని అందరూ అంటారు కాబట్టి దీని గురించి కాస్త చెప్పాలి. మా కంపెనీ రావాల్సిన డాలర్లను జూన్ ఆఖరుకు ఇస్తామని 76 చొప్పున బ్యాంకుకు ముందే అమ్మేసింది, దాన్నే ఫార్వర్డ్ బుక్ చేయడం అంటారు. జూన్ ఆఖరు వచ్చింది, ఆ మూడో, నాలుగో కంటైనర్ల డాలర్లు రాలేదు. అప్పుడు బజార్లో డాలరు 79 దగ్గర ఉంది. ఒప్పందం రద్దు చేయాలంటే ఆ తేడా మేమే కట్టాలి, డాలరుకు మూడు రూపాయలు. నేను పైన చెప్పిన లెక్కలో ఒక కంటైనర్ విలువ 89,600 డాలర్లు, 20 శాతం అడ్వాన్స్ పోను రావాల్సింది 71,680, అంటే ఒక్కో కంటైనర్‌కు రెండు లక్షలకు పైగా, ఊరికే. రూపాయి పడినందుకు నష్టపోయిన ఎగుమతిదారును నేను కళ్లారా చూశాను. ఇక ఎగుమతి బీమా సంగతి, పాత పార్టీయే కదా అని ఆ షిప్‌మెంట్‌కు బీమా తీసుకోకుండా ప్రీమియం మిగుల్చుకున్నారు మావాళ్లు. దాని గురించి ఆఫీసులో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇప్పుడు మీ మామయ్య దగ్గరకు వద్దాం. ప్లాంటు పశువుకు డబ్బు వారంలో ఇవ్వాలి, సరుకు డబ్బు రావడానికి నెలన్నర రెండు నెలలు పడుతుంది, మధ్యలో నడిపేది ఎగుమతి ఆర్డరు చూసి బ్యాంకు ఇచ్చే ప్యాకింగ్ క్రెడిట్ అనే అప్పు. నాలుగు కంటైనర్ల డబ్బు ఇరుక్కుంటే ఆ లిమిట్ నిండిపోతుంది, కొత్త అప్పు పుట్టదు, అప్పుడు ఆలస్యమయ్యేది మీ మామయ్యలాంటి డీలర్ల డబ్బే. బ్యాంకును ఆపలేరు, షిప్పింగ్ లైన్‌ను ఆపలేరు, కరెంటు బిల్లు ఆపలేరు, డీలర్‌ను ఆపొచ్చు. ఆ మే నెలలో అకౌంట్స్ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తే, ఒక పెద్దాయన నాకు చేశాడు, నా నంబరు ఎవరిచ్చారో గానీ. "తమ్మీ, ఈజిప్టుల పైసలు లేకపోతే నా పైసలెందుకు ఆగినయ్? నేను రైతుకు ఏం చెప్పాలె, పౌండు పడ్డదని చెప్పాల్నా?" అన్నాడు. "రెండు రోజులు ఆగు కాకా" అన్నాను. ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన ఆ తర్వాతి అంగడిలో సగం పశువులే కొన్నాడట. కొనేవాడు తగ్గితే వట్టిపోయిన గేదెను తోలుకొచ్చిన రైతు మళ్లీ ఇంటికి తోలుకుపోలేడు, ఆటో కిరాయి దండగ, మేత దండగ, వచ్చిన రేటుకు ఇచ్చేసి పోతాడు. పౌండు ప్రయాణం అక్కడ ముగుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సంక్షోభంలో కొనేవాడు పూర్తిగా మానేయడు, ఆర్డరు మారుస్తాడు. టాప్‌సైడ్, సిల్వర్‌సైడ్ లాంటి వెనక తొడ ముక్కలు తగ్గించి, ఖీమాకు పోయే ట్రిమ్మింగ్స్ ఎక్కువ అడుగుతాడు. పశువులో రెండూ ఉంటాయి కదా, ట్రిమ్మింగ్స్ కోసం కోస్తే తొడ ముక్కలు కోల్డ్ స్టోరేజ్‌లో పేరుకుంటాయి. బయటికి అమ్మకం బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల ర్యాకులు నిండిపోతుంటాయి.

ఇక సాకు సగం. ఈజిప్టు పెద్ద బజారే, కానీ ఒక్కటే కాదు. మలేషియా, వియత్నాం, ఇండోనేషియా, ఇరాక్, గల్ఫ్ అన్నీ ఉన్నాయి. మొత్తం ఎగుమతి 2014-15లో 14.7 లక్షల టన్నులు దాటి, 2020-21కి 11 లక్షల లోపుకు పడింది, అందులో ఈజిప్టు పౌండు వాటా కన్నా వియత్నాం మీదుగా చైనాకు పోయే దారి బిగుసుకోవడం వల్ల పోయిందే ఎక్కువని నా అభిప్రాయం. కొన్నిసార్లు మన కొనుగోలుదారు దేశం బాగానే ఉంటుంది, పోటీదారు దేశం దెబ్బతింటుంది, అది ఇంకా ప్రమాదం. 2015లో బ్రెజిల్ రియల్ బాగా పడిపోయింది, డాలర్లలో వాళ్ల మాంసం చవకైపోయి మనకూ వాళ్లకూ ఉన్న రేటు తేడా కరిగిపోయింది. ఆ ఏడాది మాకు ఇరుక్కున్న కంటైనర్ ఒక్కటీ లేదు, ఆర్డర్లే రాలేదు. కానీ డీలర్లకు ఎవరూ బ్రెజిల్ పేరు చెప్పలేదు, చెప్పినా నమ్మరని.

కాబట్టి మీ మామయ్యను ప్లాంటు వాళ్లతో పౌండు గురించి వాదించొద్దని చెప్పండి. గేటు దగ్గర చూడమనండి. రోజుకు కోసే పశువుల సంఖ్య తగ్గిందా? నిజంగా సరుకు ఆగితే ముందు తగ్గేది అదే, కోల్డ్ స్టోరేజ్‌లో చోటు ఉండదు, వారంలో రెండు రోజులు లైను ఆపేస్తారు, బండ్లను వెనక్కి పంపుతారు. అలా కాకుండా బండ్లు ఎప్పటిలాగే లోపలికి పోతూ, రేటు మాత్రం తగ్గిందంటే, పౌండు పేరు చెప్పి మీ జేబులోంచి తీస్తున్నారు. డబ్బు ఆలస్యం చేస్తూ రేటు తగ్గించకపోతే ఇబ్బంది నిజమే అనుకోవచ్చు, డబ్బు టైముకు వేస్తూ రేటు మాత్రం కోస్తే నేనైతే నమ్మను.

2024 మార్చి తర్వాత ఈజిప్టు బ్యాంకుల్లో డాలర్లు మళ్లీ దొరకడం మొదలైంది, అంతకుముందు బ్లాక్‌లో 70 దాకా పోయిన డాలరు కిందికి దిగింది. కాబట్టి ఈ మధ్య కాలంలో ఎవరైనా "ఈజిప్టులో డాలర్లు లేవు" అని చెబితే, ఏ నెలలో పంపిన కంటైనర్ ఆగిందో నంబరు చెప్పమనండి. ట్రాకింగ్ ఎలా చూడాలో కావాలంటే నేను చెబుతాను, అది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.