మొండి తాత జీవితాన్ని పుస్తకంగా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తాత పోయి ఐదు నెలలైందనీ, సంవత్సరీకానికి ఆయన మీద చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలనుకుంటున్నామనీ రాశారు. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారనీ, ఆయన మొండితనం రాయాలా వద్దా అన్నది తేలడం లేదనీ అన్నారు. రాయాలి. అసలు అక్కడే మొదలుపెట్టాలి.

పుట్టుక, చదువు, ఉద్యోగం, సంతానం అనే వరసలో రాసిన పుస్తకం పేర్లు మారిస్తే ఏ తాతకైనా సరిపోతుంది. పట్టిన పట్టు విడవని మనిషిని చూపించేది ఆయన 'కాదు' అన్న సందర్భాలే. ఊళ్లో పొలం అమ్మనన్నది, బిడ్డ చదువు మాన్పించనన్నది, ప్రమోషన్ మీద బదిలీ వస్తే పోనన్నది, ఆపరేషన్‌కు ఒప్పుకోనిది, అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించండి. ప్రతిదానికీ నాలుగు సంగతులు రాబట్టాలి: ఏ ఏడు, ఎవరు ఎదురు చెప్పారు, డబ్బు ఎంత పోయింది లేక మిగిలింది, ఆ పట్టుదల బరువు ఇంట్లో ఎవరు మోశారు. చాలామంది నాలుగోది వదిలేస్తారు. దానికి జవాబు తరచుగా నాయనమ్మ దగ్గరే ఉంటుంది. ఇలాంటివి పది దొరికితే పుస్తకం నిలబడుతుంది.

అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడగొద్దు. పెద్దనాన్న ముందు చెబితే మిగతావాళ్లు తల ఊపుతారు, ఆయన చెప్పిందే అందరి జ్ఞాపకమైపోతుంది. విడివిడిగా, వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టి, ఒక్కో విడత ముప్పావుగంట మించకుండా అడగండి. 'తాత ఎలాంటివారు' అంటే 'దేవుడు' అంటారు, అంతటితో ఆగిపోతుంది. 'ఆయన మీ మాట వినంది ఎప్పుడు?' అనండి. చేతికి ఒక వస్తువు ఇవ్వండి, గడియారమో పాత రేషన్ కార్డో కళ్లజోడో. ఇంటి బయటివాళ్లను మర్చిపోవద్దు: కూడా పనిచేసినవాళ్లు, ఖాతా పెట్టిన కిరాణా కొట్టాయన, పొద్దున ఇందిరా పార్కులో కలిసి నడిచినవాళ్లు. వాళ్ల దగ్గర పొగడ్త తక్కువ, సంగతి ఎక్కువ.

రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మనిషికి మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాన్, కూలర్ ఆపండి. మాట పాడయ్యేది ఎక్కువగా ఆ చప్పుడుకే.

ఇక తేదీలు. హైదరాబాద్ కుటుంబాల్లో అసలు చిక్కు ఇక్కడే. స్కూలు సర్టిఫికెట్లో జులై 1 అని ఉంటే అది బడిలో చేర్చినప్పుడు వేసిన తేదీ కావచ్చు, జాతకంతో పోల్చండి. జాతకంలో బహుధాన్య నామ సంవత్సరం అని ఉంటే 1938 ఉగాది నుంచి 1939 ఉగాది లోపు. నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం (అప్పటి సర్కారు లెక్కల ఏడు) ఉంటుంది: ఇంగ్లీషు ఏడు కావాలంటే ఆ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. పోలీస్ యాక్షన్ (నిజాం రాజ్యంలోకి భారత సైన్యం రావడం) జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీలోకి వస్తుంది. ఏడు గుర్తులేని వాళ్లను ఏడు అడిగి లాభం లేదు. పోలీస్ యాక్షన్‌కు ముందా తర్వాతా, 1952 ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు) గొడవలప్పుడా, 1969లో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతపడ్డప్పుడా, స్కైలాబ్ (అమెరికా అంతరిక్ష కేంద్రం) పడుతుందని భయపడ్డ 1979లోనా, 1980 ఫిబ్రవరి సంపూర్ణ సూర్యగ్రహణం నాటికి ఎక్కడున్నారు అని అడిగితే మనిషి తనంతట తానే ఏడు పట్టుకుంటారు. డబ్బు లెక్కలోనూ జాగ్రత్త. పాత జీతం హాలీ సిక్కాలో (నిజాం రూపాయల్లో) చెబుతున్నారా, కల్దార్‌లోనా (బ్రిటిష్ ఇండియా రూపాయల్లోనా) కనుక్కోండి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్‌లకు సమానం.

సర్వీస్ రిజిస్టర్ నకలు, పెన్షన్ కాగితాలు దొరికితే బదిలీల తేదీలు తేలిపోతాయి. ఉర్దూ దస్తావేజులు శికస్తా రాతలో (గబగబా రాసే గొలుసుకట్టు రాతలో) ఉంటే మామూలు ఉర్దూ చదివేవాళ్లకు కూడా అంతుబట్టవు, ఆ రాత తెలిసిన పెద్దవాళ్లను వెతకాలి. ఆనాటి పత్రికలకు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ప్రభుత్వ రికార్డులకు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నాయి.

ఫోటోలు లామినేషన్ చేయించొద్దు. ఫ్రేము అద్దానికి అంటుకున్నదాన్ని పీకితే పైపొర ఊడిపోతుంది. అద్దంతోనే, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో ఫోటో తీయండి. చిన్న ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించి, వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నాణ్యత పడిపోతుంది. గ్రూపు ఫోటోకు జిరాక్స్ తీసి, ముఖాల మీద అంకెలు వేసి పెద్దవాళ్లకు ఇస్తే పేర్లు బయటికొస్తాయి.

ఆయన వల్ల బాధపడినవాళ్ల మాట కూడా పుస్తకంలో ఉండాలి, వాళ్ల నోటితోనే, వాళ్లు ఒప్పుకున్నంత వరకే. అది లేకపోతే చదివే బంధువులకు ఆయన కనిపించరు, దండ వేసిన ఫోటో కనిపిస్తుంది. కోర్టులో ఉన్న భూమి సంగతి, సర్వే నంబర్లు మాత్రం వద్దు.

వంద కాపీలకు డిజిటల్ ప్రింటు చాలు, ఆఫ్‌సెట్ గిట్టేది కొన్ని వందలు దాటితేనే. డెమీ సైజు (మామూలు పుస్తకం సైజు), 64 పేజీలు, 80 జీఎస్ఎం (కాగితం మందం లెక్క) మాప్‌లితో అనే తెల్ల కాగితం, పెద్దవాళ్లు చదవాలి కాబట్టి అక్షరం 14 పాయింట్లు. మీరు యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీవాళ్లు (పేజీలు కూర్చేవాళ్లు) ‘అను’ అనే ప్రెస్సు ఫాంట్లలోకి మారుస్తారు, అప్పుడు ఒత్తులు చెదురుతాయి. అందుకే ఫాంటు మార్చిన తర్వాతే ప్రూఫు చూడాలి, రెండుసార్లు, ఒకసారి కుటుంబం బయటి మనిషితో. పేర్లు, చుట్టరికాలు మాత్రం మీ మేనత్తకు చదివి వినిపించండి. సంవత్సరీకానికి నెలన్నర ముందే ప్రెస్సుకు ఇచ్చేయండి.