గార్డు బీరువాలో, వేలు బ్లేడు కింద: పరిహారం ఎవరిది?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు ఆరుగురు పనివాళ్లతో ఫర్నిచర్ షెడ్డు ఉంది. 2025 ఆగస్టులో టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే రంపపు మిషన్) మీద గాడి తీస్తుంటే 30 ఏళ్ల కుర్రాడి చూపుడు వేలు మొదలంటా పోయింది. మిషన్‌తో వచ్చిన గార్డు (బ్లేడు మీద కప్పే మూత) అప్పటికే ఊడదీసి బీరువాలో ఉంది. జీతం నెలకు 18,000. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. ‘ఏం జరిగినా నాదే పూచీ’ అని చేరేటప్పుడు రాసిచ్చాడు కూడా. ఇంకా డబ్బు ఇవ్వాలా? ఇకమీదట ఎలాంటి గార్డు పెట్టాలి?

జవాబు: ఇవ్వాలి. ఆ కాగితం చిత్తుకాగితమే. పరిహారం హక్కు వదులుకుంటూ రాసిచ్చే ఒప్పందం చెల్లదని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. కరెంటు మిషన్లతో తయారీ జరిగేచోట ఆరుగురే ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది. పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. మీ ప్రమాదం అంతకుముందుది కాబట్టి 1923 చట్టం ప్రకారమే లెక్క.

మీకు మిగిలిన వాదన ఒకటే: గార్డు వాడే తీశాడని. రక్షణ కోసం ఇచ్చిన పరికరమని తెలిసీ కావాలని తీసేస్తే, ఇలాంటి పాక్షిక వైకల్యానికి యజమాని బాధ్యుడు కాదని 3వ సెక్షన్‌లో ఉంది. కానీ మిషన్‌తో వచ్చే గార్డు మామూలుగా బ్లేడు వెనకాల స్ప్లిటర్‌కు (కోసిన చెక్క బ్లేడును నొక్కకుండా విడదీసి ఉంచే రేకు) బిగించి ఉంటుంది. గాడి తీసేటప్పుడు బ్లేడు చెక్క పైకి రాదు, స్ప్లిటర్ అడ్డం తగులుతుంది. దాన్ని తీయకుండా ఆ పనే జరగదు. పని చెప్పింది మీరు, తీసింది వాడు. దీన్ని ‘కావాలని తీయడం’ అని, ఈ పరిహారం కేసులు తేల్చే కమిషనర్ ముందు నిలబెట్టడం కష్టం.

జీతం ఎంతున్నా లెక్కకు 15,000 దాటనివ్వరు. అందులో 60 శాతం 9,000. ముప్పై ఏళ్ల వయసుకు చట్టం పట్టికలోని ఫ్యాక్టర్ (గుణించే సంఖ్య) 207.98. రెండూ గుణిస్తే 18,71,820. చూపుడు వేలు పూర్తిగా పోతే అందులో 14 శాతం, అంటే సుమారు 2,62,055 రూపాయలు. ఆస్పత్రి ఖర్చు ఇందులోంచి తగ్గించుకోలేరు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు.

ఇక గార్డు. గాడి పనులున్న షెడ్డుకు ఓవర్‌ఆర్మ్ గార్డే నా మాట. అది స్ప్లిటర్‌తో సంబంధం లేకుండా పైనుంచి వేలాడుతుంది కాబట్టి గాడి తీసేటప్పుడూ బ్లేడు మీదే ఉంటుంది. పక్క స్తంభానికి బిగించే రకమైతే 8×4 ప్లైవుడ్ షీటు స్తంభానికి తగులుతుందేమో ముందే కొలవండి. పైనుంచి వేలాడదీయాలంటే రేకుల షెడ్డులో రేకు పట్టీలు చాలవు, గట్టి అడ్డదూలం కావాలి. లేకపోతే గార్డు ఊగుతుంది. సన్న పట్టీలు చీల్చేటప్పుడు గార్డు ఫెన్స్‌కు (చెక్కను ఆనించి నెట్టే పక్క పట్టీ) తగులుతుంది, అక్కడ పుష్ బ్లాకు (చేయి బ్లేడు దగ్గరికి పోకుండా చెక్కను నెట్టే దిమ్మ) తప్పదు. చెక్క వెనక్కి ఎగరకుండా ఆపేది మాత్రం గార్డు కాదు, రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనకే, దానితో పాటే పైకీ కిందికీ కదిలే రేకు). బ్లేడు కంటే కాస్త కిందికుండే రకం తీసుకుంటే గాడి పనిలో కూడా దాన్ని ఊడదీయక్కర్లేదు.

పొట్టు సంగతి తేలిగ్గా తీసుకోకండి. పారదర్శక గార్డు లోపల పొట్టు పేరుకుంటే గీత కనపడదు, పనివాడు గార్డు ఎత్తేస్తాడు, మళ్లీ కథ మొదటికే. మిషన్ అడుగున 4 అంగుళాల పైపుకు నిమిషానికి 350–400 ఘనపుటడుగుల గాలి కావాలి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ అంత గాలి లాగలేదు, సంచి రకం 2 హెచ్‌పీ కలెక్టర్ పెట్టండి. గార్డుకు రెండో గొట్టం కలపండి, వీలైనంత పొట్టిగా. సంచి బట్ట మూసుకుపోతే గాలి లాగడం పడిపోతుంది, నిండేదాకా ఆగకండి.

గార్డు బిల్లు షెడ్డు పేర తీసుకోండి. ‘గార్డు ఎత్తి పని చేయకూడదు’ అని మిషన్ దగ్గర తెలుగులో రాసి, పనివాళ్ల సంతకాలు తీసుకోండి. ఎత్తి కనిపిస్తే మేస్త్రి స్విచ్ ఆపాలి. చూసీ ఊరుకున్నట్టు తేలితే ఆ సంతకాలు మీకే ఎదురు తిరుగుతాయి.

కుర్రాడితో రాజీ కుదిరితే, ఒప్పందం మెమొరాండం మీరే కమిషనర్‌కు పంపి రిజిస్టర్ చేయించండి. చేయించకపోతే కుర్రాడు పూర్తి పరిహారం మళ్లీ అడగొచ్చు. కమిషనర్ వేరుగా చెబితే తప్ప, అప్పటికిచ్చిన దాంట్లో సగానికి మించి తగ్గించుకోనివ్వరు.