రేకుల షెడ్డులో సిగ్నల్ ఎందుకు రాదు?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. గేటు దగ్గర నిండా సిగ్నల్ చూపించే ఫోను, రేకుల షెడ్డులోని మా గదికి రాగానే ఒక్క గీత కూడా చూపించదు. కొత్త ఫోను కొనమంటారా?

జవాబు: కొనవద్దు. లోపం ఫోనుది కాదు, రేకుది. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకూ కట్టుబడకుండా తిరుగుతుంటాయి. బయటి విద్యుత్ క్షేత్రం తగలగానే అవి పక్కకు జరిగి, దానికి ఎదురు క్షేత్రాన్ని పుట్టిస్తాయి. లోపల రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకునేదాకా ఆ సర్దుబాటు సాగుతుంది. మిగులు విద్యుదావేశం ఉంటే అదంతా లోహం ఉపరితలం మీదికే చేరుతుంది. 1836లో మైకేల్ ఫారడే ఒక గదికి లోహపు రేకు చుట్టి, బయట యంత్రంతో నిప్పురవ్వలు పుట్టించి, లోపల వాటి జాడే లేదని చూపించారు. నాకు ఎప్పటికీ పాతబడని ప్రయోగం ఇది.

సిగ్నల్‌లో ఉన్నదీ విద్యుత్ క్షేత్రమే, కాకపోతే ఊగుతూ ఉంటుంది. ఫోన్లు వాడే 900 మెగాహెర్ట్జ్ తరంగం సెకనుకు 90 కోట్ల సార్లు ఊగినా, ఎలక్ట్రాన్లు దానితోపాటే ఊగి వెనక్కి తిప్పికొడతాయి. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఫోనుకు రెండు పొరలుగా చుట్టి, అంచులు గట్టిగా మడిచి, మరో ఫోను నుంచి రింగ్ చేసి చూడండి. మోగిందంటే ఎక్కడో సందు మిగిలిందన్నమాట.

మీకు కావలసిందీ ఆ సందే. ఈ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. జల్లెడ కన్నాల్లో అది దూరలేదు, తెరిచిన కిటికీలో దూరుతుంది. కాబట్టి బల్లను టవర్ వైపు కిటికీ దగ్గరికి జరపండి. బ్రాడ్‌బ్యాండ్ ఉంటే రౌటర్‌ను మీ గదిలోనే పెట్టించి, ఫోనులో వైఫై కాలింగ్ (టవర్‌కు బదులు వైఫై మీదుగా మాట్లాడే సదుపాయం) ఆన్ చేయండి. రౌటర్ షెడ్డు బయట ఉంటే వైఫైకీ ఇదే గతి. అనుమతి లేని సిగ్నల్ బూస్టర్ మాత్రం ఎవరు అమ్మజూపినా కొనకండి, అది చట్టవిరుద్ధం.

ప్రశ్న: చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు మూతను తాకితే జుమ్ముమంటోంది. ప్రమాదమా? (మహబూబ్‌నగర్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: గట్టిగా నొక్కితే తెలియదు, వేలితో మెల్లగా రాస్తేనే తెలుస్తుంది, అవునా? అడాప్టర్‌లోని చిన్న కెపాసిటర్ గుండా కొద్దిపాటి విద్యుత్తు మూతకు చేరుతుంది. రెండు పిన్నుల ప్లగ్గయితే దానికి భూమిలోకి దారి ఉండదు. మూత వాహకం కనుక అంతటా ఒకే వోల్టేజీ నిలుస్తుంది. కంపెనీ అడాప్టరయితే ఇది హాని చేయనంత స్వల్పం. నకిలీదయినా, చెయ్యి వెనక్కి లాక్కునేంత షాక్ కొట్టినా, వెంటనే వాడకం ఆపండి.

మూడు పిన్నుల తీగ వాడితే జుమ్ము పోవాలి. పోలేదంటే సాకెట్ మూడో కన్నం వెనుక ఎర్త్ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. దీన్ని దయచేసి వాయిదా వేయకండి. ఎర్త్ తీగ భూమిలోకి దిగే గుంత ఎండిపోయినా ఇదే ఇబ్బంది, తడి లేని మట్టిలో విద్యుత్తు సరిగా పారదు. పాలమూరు ఎండల్లో గుంతలో అప్పుడప్పుడు రెండు బకెట్ల నీళ్లు పోయండి.