ముందు చేతులు చూడు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడిచింది. కానీ మూడో పేజీలో "డచ్ చిత్రాల్లో పేకముక్క పాపానికి సంకేతం" అని తేల్చేశావే, అక్కడ ఒళ్ళు మండింది. ఆ ముక్క ఎవరి చేతిలో ఉంది? పక్కవాళ్ళు ఎటు చూస్తున్నారు? ఒక్కటీ చెప్పలేదు.

బెర్లిన్‌లో డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్ బొమ్మ ఒకటుంది, 1660ల నాటిది. పేకాట దగ్గర గొడవ. ఒక పెద్దాయన కత్తి దూయబోతుంటే ఓ ఆడమనిషి పట్టుకుని ఆపుతోంది. ముక్కలు నేలపాలయ్యాయి. జూదం తప్పని ఆనాటి డచ్ వాళ్ళు చర్చిలో వింటూనే ఉన్నారు, అది చెప్పడానికి స్టేన్ అక్కర్లేదు. అతని తండ్రి బీరు వ్యాపారి, ఇలాంటి తగాదాలు కళ్ళారా చూసే ఉంటాడు. అందుకే ఆపే ఆ చెయ్యి అంత నిజంగా ఉంది.

ఇంకో డచ్ చిత్రకారుడు పీటర్ డి హూక్ 1658లో వేసిన పేకాటలో గొడవే లేదు. పెరటి ఎండ గదిలోకి వచ్చింది, పనిపిల్ల వాకిట్లోంచి వస్తోంది, ఆడమనిషి ముక్కలు పట్టుకుని కూర్చుంది. ఇక్కడా పాపమేనా?

ఆ కాలపు నీతిబొమ్మల పుస్తకాలు పక్కన పెట్టుకుని కళా చరిత్రకారుడు ఎడ్డీ డి యోంగ్ ఈ చిత్రాలకు అర్థాలు వెతికాడు. విలువైన పనే. 1983లో మరో కళా చరిత్రకారిణి స్వెత్లానా ఆల్పర్స్ దాచిన అర్థాల కంటే కంటికి కనిపించేదాని పక్షాన నిలబడింది. నేను ఆమె వైపే.

నా మొదటి వ్యాసానికి "సందేశం ఏదండీ?" అన్నాడు ఓ ఎడిటర్. చివరి పేరా కొట్టేసి, తన నీతివాక్యం అతికించి అచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళయినా ఆ పేజీ తెరవబుద్ధి కాదు. నీ చేత్తో నువ్వే ఆ పని చేసుకోకు.

అన్నట్టు, మన పేకలో కళావరు అనే మాట ఎక్కడిదనుకున్నావ్? డచ్ వాళ్ళ 'క్లావర్'. ఆటీను వాళ్ళ 'హార్టెన్'. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో వ్యాపారం చేసిన ఆ డచ్ వాళ్ళ మాటలే. ఇది నీ వ్యాసంలో లేకపోవడం నాకు బాధేసింది.

సంక్రాంతికి మా ఇంట్లో దుప్పటి పరిచి రమ్మీ ఆడేవాళ్ళు. జోకరు వస్తే మా మేనత్త ముక్కలన్నీ గుండెకు ఆనించుకునేది. ఇంకెవరూ ఏమీ అడగక్కర్లేదు, అందరికీ తెలిసిపోయేది.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. స్టేన్ బొమ్మ పెద్ద ప్రింటు తీయించు. అందులో ఎన్ని చేతులున్నాయో, ఏ చెయ్యి ఏం చేస్తోందో రాసి పంపు.