చర్చికి పుట్టినరోజులు ఎన్ని?

ప్రశ్న: మా ఊరి లూథరన్ చర్చికి ఈ డిసెంబరులో నూరేళ్ళ జూబిలీ చేస్తున్నారు. గోడలో రాయి మీద 1926 అని ఉంది. కానీ మా నాయనమ్మ, వాళ్ళమ్మకి అంతకు చాలా ముందే ఈ ఊళ్ళోనే బాప్తిస్మం అయిందని చెప్పేది. మా చర్చి చేరిన ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) ఎప్పుడు పుట్టిందని అడిగితే ఒకరు 1842 అంటారు, ఇంకొకరు 1927 అంటారు. 1927లో పుట్టిన సంఘానికి 1926లో చర్చి ఎలా కట్టారండీ? సావనీర్ రాసే పని నా నెత్తిన పెట్టారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: టెన్షన్ పడకమ్మా. నా పరువు తీసే సంగతి ఒకటి చెబుతాను, నీకు ధైర్యం వస్తుంది.

మా ఊరి చర్చి శంకుస్థాపన రాయి గుమ్మం పక్కన మోకాలెత్తులో ఉంటుంది. ఏటా క్రిస్మస్‌కి దాని మీద సున్నం కొట్టడమే గాని గీకిన పాపాన ఎవరూ పోలేదు. చరిత్ర మాస్టర్ని కదా అని నన్ను చదవమన్నారు. గొంతుక్కూర్చుని, వేలితో తడిమి తడిమి, 1903 అని తేల్చేశాను. 2003లో వందేళ్ళ పండుగ చేశాం. షామియానాలు, సావనీర్, ఊరందరికీ భోజనాలు. మరుసటేడు పెయింటరు రేకు ముక్కతో గీకితే ఆ 3 కాస్తా 8 అయి కూర్చుంది. ఎడమవైపు గాడిని సున్నం పూడ్చేసింది, అంతే. 2008లో చప్పుడు చెయ్యకుండా మళ్ళీ ఓ ఆరాధన పెట్టుకున్నాం. ముందు వరసలో చాప మీద కూర్చునే ముసలమ్మ ఒకావిడ నన్ను ఆపి, "ఏం మేస్టారూ, మన గుడి మళ్ళీ పుట్టిందా?" అంది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో వాడుకలో ఉంది.

కాబట్టి ముందు ఆ రాయి మీది సున్నం గీకించు. తర్వాతే ఫ్లెక్సీలు.

ఇక 1842. ఆ ఏడు జూలై 31, ఆదివారం, జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే పాదిరి గుంటూరు చేరాడు. ఏటా జూలై 31న మనవాళ్ళు చేసే పండుగ ఆ రోజుదే. జర్మనీలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వెళ్ళినవాడు. 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కితే ఇక్కడికి చేరేసరికి తొమ్మిది నెలలు దాటింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు నిండాయి. గుంటూరులో ఆదరించినవాడు కలెక్టరు హెన్రీ స్టోక్స్. డొక్కల కరువు, అంటే 1832-33 నాటి గుంటూరు కరువు, పోయి పదేళ్ళు కూడా కాలేదు, జిల్లా ఇంకా కోలుకోని రోజులు. నాలుగేళ్ళు తిరక్కుండానే హయ్యర్ అమెరికా తిరిగి వెళ్ళి, బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని 1848లో మళ్ళీ వచ్చాడు. యాభై దాటాక డాక్టరీ! మీ పల్నాడుకి, గురజాలకి, వచ్చింది ఈ రెండో విడతలోనే. నీ సావనీర్‌లో ఈ ముక్క తప్పకుండా ఉండాలి, ఇది మీ సొంత కథ. మూడోసారి 1869లో వచ్చాడు. రాజమండ్రి మిషన్ వేరే సంఘం చేతికి పోబోతోందంటే ఆపడానికి, 76 ఏళ్ళ వయసులో.

1927 అంటావా, అది సంసారం వేరుపడి, మళ్ళీ కలిసిన తేదీ లాంటిది. గుంటూరు మిషన్, రాజమండ్రి మిషన్ విడివిడిగా నడిచేవి. రాజమండ్రి పని మొదలుపెట్టింది ఉత్తర జర్మనీ వాళ్ళు, తర్వాత అమెరికా వాళ్ళకి అప్పగించారు. ఈ రెండు ప్రాంతాల సంఘాలూ కలిసి, సొంత నిబంధనావళితో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడింది 1927లో. సంఘాలు ముందు, ఏఈఎల్‌సీ అనే పేరు తర్వాత. మీ గోడలు ఆ పేరు కంటే ఏడాది పెద్దవి కావడంలో వింత లేదు.

మరి మీ నాయనమ్మ మాట? నేనైతే ఆమెనే నమ్ముతాను. పల్లెల్లో రాతి చర్చి కంటే ముందు తాటాకు పాక ఉండేది. వారం దినాల్లో అది బడి, ఆదివారం గుడి. రెంటికీ ఒకడే మనిషి, ఉపదేశి. పలకా బలపం చెప్పేదీ ఆయనే, ప్రార్థన చేయించేదీ ఆయనే. ఆ పాకలకి శిలాఫలకాలు ఉండవు. మీ ఊరికి అప్పట్లో సొంత రిజిస్టరు ఉండి ఉండకపోవచ్చు, కాబట్టి మీ ఊరు మొదట ఏ పారిష్ (ఒక పాస్టరు కింద ఉండే ఊళ్ళ గుంపు) కింద ఉండేదో కనుక్కుని, అక్కడి పాత బాప్తిస్మ రిజిస్టర్లు చూడు. పాస్టరు గారిని అడిగి, ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చో. పేజీలు పెళుసుగా ఉంటాయి, ఉమ్మి తడి చేసి తిప్పకు. మీ ముత్తవ్వ పేరు కనబడితే పక్కనున్న తేదీ రాసుకో. అదే ఊరివాళ్ళలో అంతకంటే ముందు ఎవరిది కనబడితే అది మీ సంఘం వయసు. 1926 కట్టడం వయసు. రెండు తేదీలూ సావనీర్‌లో వేసెయ్యి, పండుగ ఆపక్కర్లేదు.

ఇంకో మాట. మా సావనీర్‌లో ముందు పది పేజీలూ నాయకుల ఫొటోలే. నలభై ఏళ్ళు బడి నడిపిన ఉపదేశి గారికి ఒక్క వాక్యం దక్కింది. పిడికెడు బియ్యం సంగతి అసలే లేదు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డొక్కు డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్ళేది. కూలి దొరకని వారం కూడా. మా చర్చి పైకప్పు పెంకుల్లో ఆ బియ్యం డబ్బులు ఎన్నో ఉన్నాయి. సంఘంలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల వాళ్ళని కూడా మేం ఎక్కడా రాయలేదు, "గ్రామస్థులు" అని సరిపెట్టాం. నువ్వు సరిపెట్టకు.

ప్రశ్న: తెలుగులో మొట్టమొదట అచ్చైన పుస్తకాలు లూథరన్లవేనంటే మా మిత్రులు నమ్మడం లేదు.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: నమ్మమనండి. అచ్చైంది మాత్రం ఇక్కడ కాదు, జర్మనీలోని హాలే పట్నంలో, 1746-47ల్లో. మద్రాసులో తెలుగు నేర్చుకుని వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ పాదిరి వేయించాడు. హయ్యర్ గుంటూరు రావడానికి దాదాపు వందేళ్ళ ముందు. వాటిలో ఒకటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి. లూథరన్లకి ఆ పేరు వచ్చిన మార్టిన్ లూథర్ విశ్వాసం నేర్పడానికి ప్రశ్నా జవాబుల్లో రాసిన చిన్న పుస్తకం అది. కన్ఫర్మేషన్ క్లాసులో, అంటే చిన్నప్పుడు బాప్తిస్మం అయిన పిల్లలు పెద్దయ్యాక తమ విశ్వాసం ఒప్పుకునే ముందు చదివే పాఠాల్లో, మా ఉపదేశి గారు బెత్తం ఒళ్ళో పెట్టుకుని, పది ఆజ్ఞల్లో ఒక్కోటి కాగానే "దీనికి అర్థమేమి?" అని అడిగేవారే, ఆ పుస్తకమే.